మడతపడ్డ సంతబయలు

గోగులంకలో పుట్టినవాళ్ళు ఊరి పేరు చెప్పనక్కర్లేదు. పంచె కాస్త పైకి లాగి మోకాలు చూపిస్తే చాలు. అక్కడున్న మచ్చ సంతబయలు పెట్టిన ముద్ర. ఊరంతా సైకిలు నేర్చుకున్నది ఆ బయల్లోనే, పడ్డదీ ఆ బయల్లోనే. మునిసిపల్ చైర్మన్ అబ్బులు గారు పడ్డారు. పోస్టుమాస్టరు పడ్డాడు. పెళ్ళిచూపులకొచ్చిన ఓ పెళ్ళికొడుకు సరదాపడి సైకిలెక్కి, పడి, లేచి, చూడ్డానికొచ్చిన పిల్లని కాదని మోకాలికి పసుపు రాసిన పిల్లని చేసుకున్నాడు. గంగాచలం పడ్డచోట ఇప్పటికీ గడ్డి మొలవదని వాళ్ళక్క మాణిక్యం చెబుతుంది. ఆవిడ మాటల్లో సగం తీసేసి వినాలని ఊళ్ళోవాళ్ళంటారు గానీ, ఏ సగం తియ్యాలో ఇంతవరకూ ఎవరూ తేల్చలేదు.

గంగాచలం జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెప్పే మాస్టారు. యాభై దాటినా పెళ్ళి ఊసెత్తలేదు. చిన్నప్పుడు తల్లి పోతే అక్కే పెంచింది. తరవాత బావ పోతే అక్క వచ్చి అతనితోనే ఉండిపోయింది. ఎవరి నీడన ఎవరున్నారన్నది వాళ్ళిద్దరూ ఎప్పుడూ తేల్చుకోలేదు, తేల్చుకునే తీరికా లేదు. ఆయనకి పెరట్లో షెడ్డూ, అందులో తీగలూ, మరలూ. ఆవిడకి మామిడి తాండ్ర.

మామిడికాయలు మగ్గే రోజులొచ్చాయంటే సంతబయలు చాపలతో నిండిపోతుంది. పొద్దున్నే రసం తీసి, బెల్లం కలిపి, చాప మీద పలచగా పొయ్యాలి. ఎండకీ గాలికీ అది ఆరాక, మర్నాడు దాని మీద ఇంకో పొర. అలా పొర మీద పొర ఎక్కి తాండ్ర అవుతుంది. మాణిక్యం చాపల పక్కనే నాగరత్నం చాపలు. రెంటికీ మధ్య జానెడు దూరం. ఆ జానెడు చాలు. నీ చాప నీడ నా చాప మీద పడిందని ఒకరు, నీ బెల్లం వాసనకే ఈగలొస్తున్నాయని ఒకరు పొద్దుటినుంచీ మొదలెడితే, పొద్దు వాలేసరికి ఒకరి క్యారేజీలో కూర ఒకరు తిని ఇంటికెళ్ళేవారు.

మధ్యలో మబ్బు పట్టిందా, మాణిక్యం లేచి నిలబడి ఒక్క కేక వేస్తుంది: "వానోయ్!"

ఆ కేక గోదావరి అవతలి గట్టున పడవ కడుతున్నవాడికి వినిపించి, వాడు గొడుగు తెరుస్తాడంటారు. బయల్లో ఉన్నవాడు వాలీబాల్ ఆడుతున్నా, సైకిలు తొక్కుతున్నా, ఎండుగడ్డి మీద పడుకుని కునుకు తీస్తున్నా, ఆ కేక వింటే ముందు చెయ్యి తువ్వాలు మీదికి పోతుంది. ఒక చెంగు తన తల మీద, మిగతాది దగ్గర్లో ఉన్న తాండ్ర చాప మీద. ఎవరి చాప అని అడిగేది లేదు. మబ్బు తేలిపోయాక, "నా చాప మీద నీ చెమట తువ్వాలేశావేంట్రా" అని తిట్లు మామూలే.

అలాంటి బయలుకి మూడింది. ఆ కబురు కూడా మాణిక్యమే తెచ్చింది. గేటు తోసుకొస్తూనే మొదలెట్టింది.

"ఒరే చలం! బయలు పోతంది రా! కాంప్లెక్సు కడతారంట. కింద షాపులు, పైన షాపులు, ఆ పైన మళ్ళీ షాపులు. కొనేవోళ్ళు ఎక్కడ నిలబడతారంటే అబ్బులు నీళ్ళు నవుల్తన్నాడు. ఇంతకీ నువ్వేటి చేత్తన్నావు ఆ షెడ్డులో?"

"మడతపెడుతున్నానక్కా."

"బట్టలా? ఆహా, ఇన్నాళ్ళకి ఓ పనికొచ్చే పని చేత్తన్నావు."

"బట్టలు కాదు. వసారా."

మాణిక్యం వెనక్కి తిరిగి చూసింది. పొద్దున తను నీళ్ళ చెంబు పెట్టిన వెనక వసారా అక్కడ లేదు. వసారా అవతలి స్తంభం వచ్చి ఇంటి గోడకి ఆనుకుని నిలబడింది. మధ్యలో చెయ్యి పట్టేంత సందు. ఇంట్లో పిల్లి ఆ సందులోకి దూరింది. కాసేపటికి ఎక్కడో దూరంగా, వసారా ఆ చివర్నుంచి వచ్చినట్టే, మ్యావుమంది.

"దుప్పటి మడిస్తే దుప్పటి తగ్గిపోద్దా అక్కా?" అన్నాడు గంగాచలం, చేతిలో ఇస్త్రీపెట్టె లాంటి యంత్రాన్ని పొత్తికడుపుకి ఆనించుకుని. "తగ్గదు. దుప్పటి అంతే ఉంటది, పరుపు మీద చోటు మిగుల్తది. నేలకీ ఓ నేత ఉంది. ఆ నేత ఎటు వంగుతాదో పట్టుకున్నాను. అంతే."

"అంతేనా?" అని మాణిక్యం పక్కకి తిరిగి సందులోకి దూరింది. లోపల్నుంచి, "ఓరి నీ తెలివి తగలెయ్యా, ఉంది రా వసారా!" అన్న మాట వినబడింది. బయటికొచ్చి తమ్ముడి తల నిమిరింది. ఆమె అలా నిమరడం అతను పదో తరగతి పాసైనప్పుడు ఒకసారి, ఇప్పుడొకసారి.

విప్పబోతే మాత్రం వసారా విప్పుకోలేదు. గంగాచలం మీట నొక్కాడు, తీగ మార్చాడు, యంత్రాన్ని బతిమాలాడు. చెమటలు కారుతున్నాయి. పిల్లి బయటికొచ్చి కూర్చుని చోద్యం చూస్తోంది.

"నా చెంబేదిరా?" అంది మాణిక్యం ఉన్నట్టుండి.

చెంబు సరిగ్గా మడత గీత మీద ఉంది. గంగాచలం చెయ్యి చాపి దాన్ని పైకి తీశాడో లేదో, తడి పంచె దులిపినట్టు ఫట్టుమని చప్పుడై, వసారా ఎప్పట్లా పరుచుకుంది. మడత గీత మీద అడ్డం ఏదైనా ఉంటే నేల విప్పుకోదన్నమాట. ఆ సంగతి బుర్రలో ఓ మూల పడేసి, అతను చైర్మన్ గారింటికి పరిగెత్తాడు.

గంగాచలం లెక్క ఇంతే: బయలుని మడతపెట్టి బయలు గేటు పక్కనే ఉంచుదాం. ఖాళీ అయిన చోట కాంప్లెక్సు కట్టుకోండి. బయలు కావలసినవాళ్ళు మడతలోకి వెళ్ళి ఆడుకుంటారు, ఆరబెట్టుకుంటారు. ఎవరిదీ పోదు.

అబ్బులు గారు చెడ్డవాడు కాడు. ఊరికి మంచి చెయ్యాలని ఉంటుంది, ఆ మంచి దూరానికి కూడా కనపడేలా ఉండాలని ఉంటుంది. విన్న మాట నమ్మలేక, గంగాచలం మళ్ళీ మడిచి చూపించిన వసారాలోకి తనే రెండుసార్లు దూరి వచ్చి, "మాస్టారూ, మీరు మనూళ్ళో పుట్టాల్సినోళ్ళు కాదండి" అన్నారు. "ఇక్కడే పుట్టానండి" అన్నాడు గంగాచలం. "అదేనండి నా బాధ" అన్నారాయన.

సంతబయలుని మడతపెట్టిన రోజు బడికి సెలవిచ్చారు. గంగాచలం గేటు దగ్గర నిలబడి మీట నొక్కాడు. బయలు అవతలి అంచు కదిలింది. పచ్చగడ్డి, సైకిలు చాళ్ళు, వాలీబాల్ గుంజలు, అన్నీ పెద్ద ముత్తయిదువ చీర మడిచినంత ఒద్దికగా ఒక దాని మీదికొకటి వచ్చి సర్దుకున్నాయి. కింద ఎవరూ ఎప్పుడూ చూడని ఎర్రటి కొత్త నేల బయటపడింది. గేటు పక్కన నులకమంచమంత వాకిలి మిగిలింది. అందులోకి భుజం ఇటు తిప్పి అడుగేస్తే మొదటి పొర, కాస్త అటు తిప్పితే రెండోది, ఇంకాస్త తిప్పితే ఆ తరవాతది. పుస్తకంలో కాగితాలు తిప్పినట్టు. ఒక్కో పొరా పొడుగ్గా, ఖాళీగా, గడ్డి తోటి.

అందరికన్నా ముందు లోపలికెళ్ళింది గంగాచలమే. మొదటి పొరలో, వాకిలి పక్కన, బయటి ఎండ చీరంచంత వెడల్పున పడుతోంది. అక్క చాపలకి ఇదే మంచి చోటనుకుని, భుజం మీది గళ్ళ తువ్వాలు తీసి, ఈశాన్యం మూల చూసి మరీ వేసి, మీద ఓ రాయి పెట్టాడు. బస్సులో సీటుకి వేసినట్టు. ఆ మాట అక్కకి చెబుదామని బయటికొచ్చేలోపే జనం అతన్ని భుజాలకెత్తుకున్నారు. డప్పులు, పూలదండలు, బజారంతా ఊరేగింపు. చెబుదామనుకున్న మాట ఆ డప్పుల్లో ఎటో పోయింది.

మొదటి వారం ఊరికి పండగే. మడతలోకి దూరి పిల్లలు దాగుడుమూతలాడారు. సైకిలు షాపు తాతబ్బాయి లోపల కొత్త పొరలో అద్దె సైకిళ్ళు పెట్టాడు. ఊళ్ళో అందరికీ మడతల మీద మోజు పుట్టింది. మా గొడ్లసావిడి మడవండి మాస్టారూ అని ఒకాయన, మా అల్లుడు నెలరోజులకని వచ్చాడు, ఆ గది మడవండి, ఆయన్ని లోపలుంచే మడవండి అని ఇంకొకాయన.

ఈలోగా ఎవడో మొదటి పొరలో తువ్వాలు చూశాడు. ఎవడో వేశాడంటే ఊరికే వెయ్యడు కదా. మడతలో జాగా ఎవరు పట్టుకుంటే వాళ్ళకే రాసిస్తారట అన్న మాట టీ కొట్టు దగ్గర పుట్టి, సాయంత్రానికి చైర్మనే చెప్పాడన్నంతగా బలిసింది. మర్నాటికి పొర పొరకీ తువ్వాళ్ళే. అందరివీ చేనేత సంఘంలో కొన్న ఒకే గళ్ళ తువ్వాళ్ళు. అన్నీ ఈశాన్యం మూలనే. పొరకి ఒక ఈశాన్యమే ఉంటుంది కనక అక్కడ తువ్వాలు మీద తువ్వాలు, పక్కన తువ్వాలు, తువ్వాలుని తోసి ఇంకో తువ్వాలు. మడిచినప్పుడు పొర విడిచి పొరకి దిక్కులు తిరగబడ్డాయి కదా అని ఎవరో అనుమానం లేవదీస్తే, వాస్తు చూసే సిద్ధాంతి గారు దిక్సూచి పట్టుకుని లోపలికెళ్ళి, తల పట్టుకుని బయటికొచ్చి, "రెండు మూలలా వేసుకోండి" అన్నారు.

మాణిక్యం చాపలు చంకన పెట్టుకుని వెళ్ళి సాయంత్రం తిరిగొచ్చింది. "ఎట్టాగుందక్కా?" అన్నాడు గంగాచలం. "బాగానే ఉంది" అంది.

అంతకుమించి ఏమీ అనలేదు.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. గంగాచలానికి మొదట్లో హాయిగా అనిపించింది. భోజనం చేస్తూ ఓ లెక్క మొదటినుంచి చివరిదాకా ఆలోచించడం అతనికి పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. ఇల్లు ఇంత విశాలమైందా అనుకున్నాడు. గోడ గడియారం చప్పుడు చేస్తుందని తెలుసుకున్నాడు. కానీ రోజులు గడిచేకొద్దీ ఆ గడియారం చప్పుడు అతని గుండెల్లోకి వచ్చింది. కూరలో ఉప్పు లేదన్నాడు, కావాలని. "ఊఁ" అంది. కాలేజీలో కొత్త టీచరుకి తలమీద జుట్టు లేదు, పేరు కేశవులు అన్నాడు. ఆ ఒక్క మాటకి మామూలుగా అయితే పూటంతా సరిపడా సరుకు తీసేది. "ఊఁ" అంది. నాగరత్నాన్ని పొగిడాడు. అప్పుడూ "ఊఁ" అనేసరికి గంగాచలం కంచం ముందునుంచి లేచిపోయాడు.

మర్నాడు కాలేజీ మానేసి మడతలోకి వెళ్ళాడు. పొర తరవాత పొర తిప్పుకుంటూ వెళ్తే, చాలా లోపలి పొరలో కనిపించింది అక్క. తలుపులేసిన ఇంట్లో పట్టపగలున్నంత వెలుతురు. గాలి లేదు. పైకి చూస్తే ఆకాశం లేదు, వాకిలివైపు ఎక్కడో దారప్పోగంత తెల్లటి గీత. తాండ్ర ఆరక, పులిసి, బూజు పట్టింది. అంత పొడుగు నేల మీద ఆమె ఒక్కతే కూర్చుని, ఎప్పటికీ రాని కాకుల్ని తోలడానికి చేతిలో కర్ర పట్టుకుని ఉంది. పక్కపొరలో నాగరత్నం కూడా అలాగే కూర్చుని ఉంది, ఒక్కతే. ఇద్దరికీ మధ్య నేల మందం. ఆ జానెడు ఎప్పుడూ లేనంత దూరమైపోయింది. ఇక్కడ అరిస్తే అక్కడ వినబడదు.

గంగాచలం గడ్డిలో చతికిలబడ్డాడు. నేలని మడిచాడు, ఒక్క గరిక పోకుండా మడిచాడు. పైనున్న ఆకాశాన్ని మడవలేదు. అది నేలతో పాటు వస్తుందని ఎలా అనుకున్నాడో అతనికే తెలీదు. జనం బయల్లోకి వచ్చింది నేల కోసమని అనుకున్నాడు. ఒకళ్ళకొకళ్ళు కనబడ్డానికని అనుకోలేదు.

"ఇంటికి పదక్కా."

"తాండ్ర తిరగెయ్యాలి" అంది మాణిక్యం. తిరగెయ్యడానికక్కడ తాండ్ర ఏముంది?

చైర్మన్ గారు ఓపిగ్గా విన్నారు. వినీ, తలగోక్కున్నారు.

"మాస్టారూ, ఆదివారం ముహూర్తం. కాంక్రీటు లారీ వత్తది, పునాది పడుద్ది. అప్పటిదాకా కొత్త నేల ఖాళీయే. ఈలోగా విప్పగలిగితే విప్పుకోండి, నేనడ్డం రాను. ఒకసారి పునాది పడ్డాక మాత్రం బయలు విప్పుకోడానికి చోటేదండీ?"

"ఇప్పుడే విప్పుతాను" అని గంగాచలం గేటు దగ్గరికెళ్ళి మీట నొక్కాడు. బయలు కదల్లేదు. మళ్ళీ నొక్కాడు. వాకిలి ఓసారి వణికి ఊరుకుంది.

అప్పుడు గుర్తొచ్చింది చెంబు.

లోపలికి పరిగెత్తి చూశాడు. ఈశాన్యం మూల ఎక్కడుంది? సరిగ్గా మడత గీత మీద. ఊళ్ళో ఉన్న తువ్వాళ్ళన్నీ వాస్తు ప్రకారం వరసగా ఆ గీత మీదే ఉన్నాయి. చెంబుకే తెరుచుకోని మడత ఇన్ని తువ్వాళ్ళకి తెరుచుకుంటుందా?

తాతబ్బాయి తన తువ్వాలు పక్కన పీట వేసుకుని కూర్చున్నాడు. గంగాచలం ఆ తువ్వాలు అంచు పట్టుకోబోయాడు.

"ఆఁ ఆఁ! ముట్టుకోమాకండి మాస్టారూ!"

"బయలు విప్పాలి తాతబ్బాయ్. ఇది తియ్యకపోతే విప్పుకోదు."

"తీత్తానండి. తియ్యనన్నానా? ముందు ఆ పక్కోడు తియ్యమనండి."

పక్కవాణ్ణి అడిగితే వాడి పక్కవాణ్ణి చూపించాడు. అలా పక్కవాడి పక్కవాడి పక్కవాడు తిరిగి తాతబ్బాయి దగ్గరికే తెచ్చి వదిలాడు. అబ్బులు గారు జాలిపడి, తువ్వాళ్ళు తియ్యండహో అని దండోరా వేయించారు. చైర్మనే తియ్యమంటున్నాడంటే లోపల ఏదో విశేషం ఉందని, అప్పటిదాకా వెయ్యనివాళ్ళు కూడా పరిగెత్తి వేశారు. ముహూర్తం వేళకి ఎవరి తువ్వాలు మీద వాళ్ళు కూర్చుని ఉంటేనే జాగా దక్కుతుందని టీ కొట్టు ఇంకో మాట కనిపెట్టింది.

ఇక మిగిలింది ఒక్కటే దారి. ఊరిచేత తువ్వాళ్ళు ఎత్తించే మాట ఈ భూమ్మీద ఒకటే ఉంది. ఆ మాట వాకిట్లో నిలబడి వేస్తే, పొరలన్నీ తెరుచుకునేది అక్కడే కనక, అన్నిటికీ వినబడుతుంది. వెయ్యగలిగిన గొంతు ఒక్కటే. ఆ గొంతు "ఊఁ" దగ్గర ఆగిపోయి ఉంది.

గంగాచలం బతిమాలాడు. "ఒక్క కేకక్కా."

మాణిక్యం తల అడ్డంగా ఊపి, గోడవైపు తిరిగి పడుకుంది.

ఆదివారం పొద్దున్నే ఊరంతా మడతలో దూరి తువ్వాళ్ళ మీద కాపలా కూర్చుంది. బయట కొత్త నేల మీద కాంక్రీటు లారీ డ్రమ్ము గిరగిరా తిరుగుతోంది. అబ్బులు గారు కొత్త చొక్కా వేసుకుని కొబ్బరికాయ పట్టుకున్నారు. గంగాచలం అక్క చెయ్యి పట్టుకుని వాకిలి దగ్గరికి తీసుకొచ్చి, పీట మీద కూర్చోబెట్టాడు. ఆమె ముందు చాప పరిచాడు. బిందెడు మామిడిరసం తెచ్చాడు. చాప మీద కుమ్మరించాడు. గరిటెతో మట్టి మెత్తినట్టు మెత్తాడు. ఆ మందం చూసి మాణిక్యం కనుబొమ్మ కదిలింది.

గంగాచలం ఆగలేదు. ఆ తడి పొర మీదే ఇంకో పొర పోశాడు.

మాణిక్యం పీట ముందుకి జరుపుకుంది.

అప్పుడతను పంచదార అనుకున్నట్టు నటించి ఉప్పు డబ్బా మూత తీశాడు.

"ఒరే! ఒరే ఒరే ఒరే! చేతులు పడిపోనూ! ఆరని పొర మీద పొరేంటిరా, నీ మొహం మీద పేడ పోసినట్టు! మందమేంటది? దిమ్మిసా కొడతావా దాని మీద? ఉప్పెందుకురా, ఊరగాయ పెడతావా? ఇన్నేళ్ళు నా ఇంట్లో తాండ్ర తిని పెరిగిన సన్నాసివి, నువ్వు పిల్లలకి పాఠాలెట్టా చెప్తన్నావురా!"

గంగాచలానికి కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. ఉప్పు డబ్బా పట్టుకుని నవ్వుతూ ఏడుస్తూ నిలబడ్డాడు. "తిట్టక్కా, ఇంకా తిట్టు" అన్నాడు.

మాణిక్యం ఆగి తమ్ముణ్ణి చూసింది. వాకిలిని చూసింది. గొంతు సవరించుకుంది, చాన్నాళ్ళుగా తెరవని తలుపు గడియలాగా.

"వాన రాకపోతే నన్ను అబద్ధాలకోరంటారు గదరా."

"ఎండ నిప్పులు చెరుగుతోంది. వాన ఎక్కడొస్తది?"

"నేనరిస్తే వత్తది" అని లేచి, కొంగు నడుం చుట్టూ దోపుకుని, వాకిట్లో నిలబడి కేక వేసింది.

"వానో...య్!"

అబ్బులు గారి చేతిలో కొబ్బరికాయ కొట్టకుండానే పగిలిందని తరవాత కొందరన్నారు. అది తేలాల్సిన సంగతి. మడతలో మాత్రం ప్రతి పొరలోనూ ప్రతి మనిషీ దిగ్గున లేచాడు. వాన నిజమా అబద్ధమా అని పైకి చూసి తెలుసుకుందామంటే, చూడ్డానికి అక్కడ ఆకాశం లేదు. మాణిక్యం అందంటే వానే. చేతులు వాటంతటవే తువ్వాళ్ళ మీదికి పోయాయి. రాళ్ళు దొర్లాయి. ఒక చెంగు తలమీదికి, మిగతాది పట్టుకుని చాపలెక్కడ చాపలెక్కడ అని పరుగు. తాతబ్బాయి తన తువ్వాలుతో పాటు పక్కవాడిదీ లాక్కుని పరిగెత్తాడు.

గంగాచలం మీట నొక్కాడు.

వాకిలి వణికింది. పొరలు ఉబ్బాయి. అంతే, ఆగిపోయాయి.

"ఏటిరా?" అంది మాణిక్యం.

"ఇంకా ఎవడిదో ఉందక్కా. ఒక్కటి."

ఆమె మొదటి పొరలోకి తొంగి చూసింది. "అదిగో. ఆ మూల, రాయి కింద. మొదటి రోజునుంచీ ఉంది ఆ దరిద్రపు తువ్వాలు. ఎండపడే చోటు అదొక్కటే. నేను చాపలేసుకుందామని వత్తే అప్పటికే ఎవడో తువ్వాలేసి చోటు ఆపేశాడు. పోనీలే ఎవడిదో అని ఆ లోపలి చీకట్లోకి పోయాను. ఎవడిదిరా అది? వాడి పీక..."

గంగాచలం మొహం తాండ్ర రంగుకి తిరిగింది.

"నాదే అక్కా."

"నీదా?"

"నీకోసమే వేశాను. నీ చాపలకని. చెబుదామనుకుంటుంటే ఊరేగించారు. మర్చిపోయాను."

మాణిక్యం తువ్వాలు వంక చూసింది, తమ్ముడి వంక చూసింది. "నాకోసం నువ్వు ఆపిన చోటు చూసి, నేను ఎవడిదో అనుకుని..." అని, వంగి చేతికందిన మామిడి టెంక తీసి తమ్ముడి వీపు మీద కొట్టింది. గట్టిగా కాదు.

గంగాచలం వెళ్ళి రాయి తన్ని, తువ్వాలు లాగాడు. మీట నొక్కనక్కర్లేకపోయింది. అంతసేపూ ఉబ్బి ఉన్న బయలు దానంతటదే ఫట్టుమంది. ఆ చప్పుడుకి గోదారిలో చేపలు ఒకసారి నీళ్ళపైకొచ్చి చూసి వెళ్ళాయి. పచ్చగడ్డి గేటు దగ్గర్నుంచి గట్టుదాకా పరుచుకుపోయింది. కాంక్రీటు లారీ కింద దుప్పటి లాగినట్టు నేల వచ్చి చేరడంతో, అది డ్రైవరు తోటి, తిరిగే డ్రమ్ము తోటి బయలు పక్కకి, మురుక్కాలవ ఒడ్డుకి వెళ్ళి బుద్ధిగా నిలబడింది. ఊరంతా తలల మీద తువ్వాళ్ళతో, ఒకే నేల మీద, ఒకరి మొహాలొకరు చూసుకుంటూ నిలబడ్డారు. చాన్నాళ్ళకి కనబడ్డారు కదా, ఎవరు చిక్కారో ఎవరు వళ్ళు చేశారో చూసుకోడానికి కొంచెంసేపు పట్టింది.

అప్పుడందరూ పైకి చూశారు. ఇంతెత్తున, ఇంత వెడల్పున, అవతలి గట్టు దాకా ఆకాశం. ఒక్క మబ్బు తునక లేదు.

"వానేదే మాణిక్యం?" అంది నాగరత్నం నడుం మీద చెయ్యేసుకుని. ఎన్నాళ్ళకి దొరికిన మాటో అది. "వయసు మళ్ళాక కళ్ళు మసకలేసి ఎండ కూడా వానలా కనబడుతందా?"

"నీ మొహం చూసి భయపడి ఆగింది. కాసేపు అటు తిరుగు, అదే పడుద్ది."

చెబితే నమ్మరు గానీ, వాళ్ళిద్దరూ రెండో మాటకి వచ్చేసరికి పడమటి నుంచి చల్లగాలి లేచింది. మూడో మాటకి మబ్బొచ్చింది. నాలుగో మాట ఎవరిదో తేలకముందే చినుకులు టపటపా పడ్డాయి. ఆకాశానికి కూడా మాణిక్యం మాట తీసెయ్యాలంటే భయమని ఆ రోజే ఊరికి తెలిసింది. ఊరు నవ్వుతూ తడిసింది.

అబ్బులు గారు కూడా తడిశారు. కొత్త చొక్కా ఒంటికంటుకుని, మోకాలి మచ్చ కనబడేలా పంచె ఎగ్గట్టి, బయలు మధ్యలో నిలబడి నాలుగు వైపులా చూశారు. ఏదో అందామని వచ్చి, సైకిలు నేర్చుకునే ఓ పిల్ల మీదికి రాబోతే పక్కకి గెంతి, "కాంప్లెక్సుదేముందండీ, మూతబడ్డ సినిమాహాలు చోటుంది గదా" అన్నారు. కలిపిన కాంక్రీటు గట్టిపడేలోగా ఏదో ఒకటి చెయ్యాలి కనక, లారీ ఆగినచోటే బయలు పొడుగునా ఒక అరుగు పోయించారు. అంత పొడుగు అరుగు జిల్లాలో లేదంటారు. ఒక చివర కూర్చున్నవాడికి పొద్దున టీ ఇస్తే, గ్లాసు చేతులు మారుతూ ఆ చివరికి వెళ్ళేసరికి సాయంత్రం టీ వేళ అవుతుందంటారు.

యంత్రం ఇప్పుడు మాణిక్యం దగ్గరుంది. ఇస్త్రీపెట్టెలా బరువుగా ఉంటుంది కదా, తాండ్ర దిమ్మల మీద పెడితే బాగా అణుగుతాయని తీసుకుంది. గంగాచలం వద్దనలేదు. షెడ్డులో ఇప్పుడు ఇంకేదో మొదలెట్టాడు. దేన్నీ చిన్నది చేసేది కాదని అక్కకి ఒట్టేశాడు.

ఓ సాయంత్రం అతను కాలేజీ నుంచి బయలు మీదుగా వస్తుంటే, అరుగు మీద అక్క పక్కన గళ్ళ తువ్వాలు పరిచి ఉంది, మీద ఒక రాయి.

"రారా, నీకోసమే వేశాను" అంది మాణిక్యం రాయి తీస్తూ.

గంగాచలం కూర్చున్నాడు. గాలి హాయిగా ఉంది. చాపల మీద తాండ్ర బంగారంలా ఆరుతోంది. అతను చెప్పులు విప్పి, కాళ్ళు చాపి, కళ్ళు మూసుకోబోయాడు.

"ఇంక లే" అంది అక్క. "నాగరత్నం వత్తంది. అది కూర్చుంటేనే గాని నాకు ఊసు పోదు."